క్షేత్ర ఛాయాచిత్రాల బ్యాకప్: సంచిలో ఏ డ్రైవు, బీరువాలో ఏ డ్రైవు?

ప్రయోగ క్షేత్రంలో ఒక ఏడాది దెబ్బతిన్న ప్రయోగాన్ని మరుసటి ఏడాది మళ్లీ నిర్వహించవచ్చు. కానీ ఒక పురుగు ఒక ప్రాంతంలో తొలిసారి కనిపించిన సందర్భాన్ని తిరిగి కల్పించడం సాధ్యం కాదు. 2018లో కర్ణాటకలో మొదట గుర్తించిన కత్తెర పురుగు అదే ఏడాది తెలుగు రాష్ట్రాల మొక్కజొన్న పొలాలకు వ్యాపించింది. 2021-22లో నల్ల తామర పురుగులు మిరప పూతను తీవ్రంగా దెబ్బతీశాయి. అటువంటి సమయాల్లో మొక్కజొన్న సుడిలోని లార్వాలను, మిరప పువ్వులో గుంపుగా చేరిన తామర పురుగులను చూపే చిత్రాలు, తేదీ, స్థల వివరాలతో సహా, పరిశోధన దత్తాంశంలో భాగమే. దిగుబడి పట్టికలకు ఇచ్చే రక్షణ వీటికీ దక్కాలి. ఆ రక్షణ చాలావరకు ఒక చిన్న కొనుగోలు నిర్ణయంపై ఆధారపడి ఉంటుంది: క్షేత్ర పర్యటనకు వెంట తీసుకువెళ్లే బ్యాకప్ పరికరంలో ఏ రకం డ్రైవు ఉండాలి?

చిత్రాలను వాట్సాప్ సమూహంలో పంపితే భద్రపరచినట్లేనన్న భావన ముందుగా తొలగాలి. సాధారణ పద్ధతిలో పంపిన చిత్రం పరిమాణం కుదించబడుతుంది. చిత్రంతోపాటు నమోదైన అక్షాంశ రేఖాంశాలు, తీసిన సమయం తొలగిపోతాయి. తెగులు వ్యాప్తిని పటంలో గుర్తించడానికి అవసరమైన సమాచారమే ఆ విధంగా పోతుంది. డాక్యుమెంటు రూపంలో పంపితే మూల ఫైలు యథాతథంగా చేరుతుంది గాని, దానిని క్రమబద్ధమైన నిల్వగా పరిగణించలేము.

క్షేత్రస్థాయి నిల్వకు ల్యాప్‌టాప్ అవసరం లేని పరికరాలు అందుబాటులో ఉన్నాయి. మెమరీ కార్డును నేరుగా చొప్పిస్తే, తమ బ్యాటరీతోనే పనిచేస్తూ, అందులోని చిత్రాలను లోపలి డ్రైవులోకి నకలు చేస్తాయి. కొన్నింటిలో డ్రైవు ముందే బిగించి ఉంటుంది; మరికొన్నింటిలో కొనుగోలుదారుడు 2.5 అంగుళాల డ్రైవును ఎంచుకొని అమర్చుకోవాలి. ఫోనుకు తీగతో కలిపే పోర్టబుల్ డ్రైవులూ ఇదే పని చేస్తాయి. అన్నింటిలోనూ ఎంపిక రెండింటి మధ్యనే: తిరిగే పళ్లేలు గల హార్డ్ డిస్క్, కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డి.

ఎస్‌ఎస్‌డిని సమర్థించేవారు సాధారణంగా ముందుకు తెచ్చే వాదన వేగం. క్షేత్ర అవసరానికి అది బలమైన వాదన కాదు. పోర్టబుల్ హార్డ్ డిస్క్ సెకనుకు 100 మెగాబైట్లకు పైగా రాయగలదు. సాటా తరగతి ఎస్‌ఎస్‌డి సుమారు 500 మెగాబైట్లు రాస్తుంది. అయితే కెమెరాల్లో విరివిగా వాడే యూహెచ్‌ఎస్-1 తరగతి కార్డుల గరిష్ఠ వేగం సెకనుకు 104 మెగాబైట్లు మాత్రమే. 64 గిగాబైట్ల కార్డును సెకనుకు 90 మెగాబైట్ల చొప్పున చదివితే, డ్రైవు ఏదైనా, నకలు పూర్తికావడానికి సుమారు 12 నిమిషాలు పడుతుంది. సన్నని కాలువ నుండి వచ్చే నీటికి చెరువు ఎంత పెద్దదైనా ఒకటే.

నిజమైన తేడా ఆ 12 నిమిషాల్లో పరికరం ఎక్కడ ఉంటుందన్న దానిలో ఉంది. 2.5 అంగుళాల హార్డ్ డిస్కులో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. చదివే శీర్షం దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో, అంటే వెంట్రుక మందంలో పది వేలవ వంతు కన్నా తక్కువ దూరంలో, తేలుతూ ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు గట్టి కుదుపునైనా తట్టుకునే డిస్క్, తిరుగుతున్నప్పుడు అందులో కొంత భాగాన్నే తట్టుకోగలదు. ఒక పొలం నుండి మరొక పొలానికి జీపులో వెళ్తూ నకలు తీయడం, గట్టు మీద నిలబడి పరికరాన్ని చేతులు మార్చుకోవడం ఇటువంటి ప్రమాదాలే. ఎస్‌ఎస్‌డికి ఈ బెడద లేదు.

ఉష్ణోగ్రత రెండవ అంశం. కొన్ని పోర్టబుల్ హార్డ్ డిస్కులకు తయారీదారులు సూచించే పని ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ వరకే. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు; ఎండలో నిలిపిన వాహనం లోపల వేడి అంతకంటే ఎక్కువ. పోర్టబుల్ ఎస్‌ఎస్‌డిలలో కొన్నింటికి ఈ పరిమితి 60 డిగ్రీల వరకు ఉంటుంది. మూడవది విద్యుత్తు. పళ్లేన్ని తిప్పడం ప్రారంభించేటప్పుడు డిస్కుకు అధిక కరెంటు కావాలి. అందువల్ల బ్యాటరీ త్వరగా తరుగుతుంది, కొన్ని ఫోన్లు డిస్కును నడపలేకపోతాయి కూడా.

ధర విషయంలో హార్డ్ డిస్క్ వాదన న్యాయమైనదే. ఒక్కో టెరాబైటుకు అయ్యే ఖర్చు దానిలో తక్కువ. కానీ పర్యటనలో ఎంత సామర్థ్యం కావాలో లెక్కవేయడం మంచిది. ఒక్కో చిత్రానికి మూల ఫైలు, జేపెగ్ కలిపి 35 మెగాబైట్లు అనుకుంటే, రోజుకు 100 చిత్రాల చొప్పున 60 పర్యటన దినాలకు 210 గిగాబైట్లు అవుతుంది. అంటే ఒక టెరాబైటు ఎస్‌ఎస్‌డి నాలుగు సీజన్లకు సరిపోతుంది. పర్యటనలో వాడని సామర్థ్యం కోసం కుదుపుల భయాన్ని కొనితెచ్చుకోవడంలో అర్థం లేదు. ఎస్‌ఎస్‌డి త్వరగా అరిగిపోతుందన్న సందేహమూ ఇక్కడ వర్తించదు. ఒక టెరాబైటు డ్రైవుకు తయారీదారులు సాధారణంగా కొన్ని వందల టెరాబైట్ల రాతకు హామీ ఇస్తారు.

అయితే పర్యటన ముగిసి చిత్రాలు కార్యాలయం చేరిన తరువాత తీర్పు మారుతుంది. ఎస్‌ఎస్‌డి సమాచారాన్ని సూక్ష్మ కణాల్లో విద్యుదావేశంగా నిలుపుతుంది. విద్యుత్తు లేకుండా ఉంచితే ఆ ఆవేశం మెల్లగా తరుగుతుంది; వేడి ఎక్కువైనకొద్దీ తరుగుదల వేగమవుతుంది. నిర్దేశిత రాత పరిమితిని పూర్తిగా వాడుకున్న సాధారణ ఎస్‌ఎస్‌డి, విద్యుత్తు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది సమాచారాన్ని నిలపాలన్నది జెడెక్ ప్రమాణం. కొత్త డ్రైవు అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. అయినా ఏళ్ల తరబడి బీరువాలో తాళం వేసి ఉంచే నిల్వకు దానిని నమ్ముకోవడం వివేకం కాదు. పైగా ఎస్‌ఎస్‌డి తరచుగా ముందస్తు సూచన లేకుండానే ఒక్కసారిగా ఆగిపోతుంది; చెరిపిన ఫైళ్లను తిరిగి రాబట్టడం కూడా కష్టం. అయస్కాంత పళ్లేలపై రాసిన సమాచారం విద్యుత్తు లేకున్నా నిలుస్తుంది. కదలకుండా ఒకేచోట ఉండే డిస్కుకు కుదుపుల ప్రమాదం లేదు. తక్కువ ధరకు ఎక్కువ సామర్థ్యం ఇక్కడే నిజంగా అక్కరకు వస్తుంది. అయితే హార్డ్ డిస్కూ శాశ్వతం కాదు. ఏడాదికి ఒకసారైనా దానిని తెరచి, ఫైళ్లు చదవగలుగుతున్నాయో లేదో పరిశీలించాలి.

కాబట్టి సంచిలోకి ఎస్‌ఎస్‌డి, బీరువాలోకి హార్డ్ డిస్క్ అన్నది సముచితమైన విభజన. ఏ ఒక్కటీ మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. నకలు తీసిన వెంటనే కార్డును చెరిపివేస్తే మిగిలేది ఒకే ప్రతి. దానిని బ్యాకప్ అనడం పొరపాటు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరే ప్రదేశంలో అన్న నియమం కృషి విజ్ఞాన కేంద్రాలకు, ఏరువాక కేంద్రాలకు అసాధ్యమేమీ కాదు. పర్యటనలో ఎస్‌ఎస్‌డి, కేంద్రంలో హార్డ్ డిస్క్, విశ్వవిద్యాలయ సర్వరులో లేదా మరొక కేంద్రంలో మూడవ ప్రతి ఉంటే చాలు. కార్యాలయంలో రెండు ప్రతులు సిద్ధమై, ఫైళ్లు తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకొనే వరకు కార్డును చెరపరాదు.

ఈ విభజన కొనుగోలు దశలోనే నిర్ణయమవుతుంది. ఇండెంటులో ‘ఒక టెరాబైటు పోర్టబుల్ డ్రైవు’ అని మాత్రమే రాస్తే, అతి తక్కువ కొటేషన్ హార్డ్ డిస్కుకే వస్తుంది. అదే పర్యటన సంచిలోకి చేరుతుంది. డ్రైవు రకం, పని ఉష్ణోగ్రత, కార్డు స్లాటు లేదా ఫోనుకు కలిపే సదుపాయం, వారంటీ కాలం స్పష్టంగా పేర్కొనాలి. డ్రైవును విడిగా అమర్చుకునే పరికరమైతే దాని మందాన్నీ తెలపాలి. 7 మిల్లీమీటర్ల గదిలో 15 మిల్లీమీటర్ల డిస్క్ పట్టదు. అసాధ్యమైన సామర్థ్యాన్ని అతి చవకగా చూపే నకిలీ డ్రైవులు మార్కెట్లో ఉన్నందున, వచ్చిన డ్రైవును పూర్తిగా నింపి, తిరిగి చదివి చూసిన తరువాతే స్టాకు రిజిస్టరులో చేర్చడం మంచిది.

స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల్లోని ఫలకాలకు మూల చిత్రాలు చాలా సందర్భాల్లో విద్యార్థి ఫోనులోనే ఉంటాయి. పట్టా పుచ్చుకున్నాక ఆ ఫోనుతోపాటే వెళ్లిపోతాయి. వ్యాసం సమర్పించేటప్పుడే మూల ఫైళ్లను కూడా విభాగపు డిస్కుకు అందజేయాలన్న నిబంధన పెడితే, తరువాతి విద్యార్థి అదే తెగులుపై పని ప్రారంభించినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఆధారం మిగులుతుంది.