రెండు దినముల మౌనము

ఈ మాసమున నేనొక తప్పు నొప్పుకొనవలసి యున్నది. అది నోటి తప్పు. కూరలో ఉప్పు హెచ్చినచో దిద్దుకొను ఉపాయములు పది కలవు; మాటలో కారము హెచ్చినచో దిద్దుకొనుట అంత సులభము గాదు.

మా పొరుగింటి ఇల్లాలు కతోలిక మతస్థురాలు. ఆమెకును నాకును చిరకాల స్నేహము. కూరగిన్నెలును పసిపిల్లలును గోడమీదుగా చేతులు మారిన స్నేహమది. కొన్ని నెలల క్రిందట ఆమె మా పెరటివాకిట నిలిచి, "వదినగారూ, శుక్రవారము సాయంకాలము మొదలు ఆదివారము మధ్యాహ్నము వఱకు మాలో స్త్రీలకు ధ్యానవడకము జరుగనున్నది. పోవలెనని నాకున్నది. రెండు దినములు ఇల్లెవరు చూతురని మా అత్తగారు అడుగుచున్నారు. మీరేమందురు?" అని యడిగినది. నేను బియ్యము ఏరుచు, తలయైన ఎత్తక, "దేవుడు మీ వంటింటిలో లేడా యేమి? ఉన్నచోటనే దండము పెట్టుకొనరాదా?" అంటిని. ఆమె మాఱు పలుకలేదు. చిన్నబోయిన ముఖముతో మరలిపోయినది. ఆ పర్యాయము వడకమునకు పోలేదు.

కొన్నాళ్లకు ఆమెయే అసలు సంగతి చెప్పినది. "మా అమ్మ పోయి యేడాది యైనది. ఆనాటినుండి జపమాల వ్రేళ్లమధ్య తిరుగుచున్నది గాని మనసు పలుకుట లేదు. గుడికి పోవుచున్నాను, వచ్చుచున్నాను. నాలో విశ్వాసము మిగిలి యున్నదో లేదో నాకే తెలియుట లేదు. ఇంటిలో చెప్పిన నొచ్చుకొందురు. బయట చెప్పిన తప్పు పట్టుదురు." ఆ మాటలు వినగా నా మనసు చివుక్కుమన్నది. దప్పిగొన్న మనిషి వచ్చి నీళ్లడుగగా, మీ ఇంట నుయ్యి లేదా యని పంపివేసినట్లయినది నేను చేసిన పని. ఎఱుగని విషయమున తీర్పు చెప్పితిని గనుక ముందు దాని నెఱుగవలెనని నిశ్చయించుకొని, ఆమెయొద్దనున్న పుస్తకములు తెచ్చి చదివితిని. తెలిసికొన్నది మీతో పంచుకొనుచున్నాను.

వడకమని తెలుగు కతోలికులు వ్యవహరించునది, లోకవ్యాపారములనుండి కొంతకాలము తొలగి, మౌనమున ప్రార్థనయందు గడపుట. గురువులును మఠకన్యలును ఏటేట దీనిని సాధారణముగా ఎనిమిది దినములు సలుపుదురు. ఉద్యోగస్థులకును గృహస్థులకును అంత తీరిక చిక్కదు గనుక వారాంతపు వడకము లేర్పడినవి. శుక్రవారము సందెవేళ వచ్చి చేరుదురు. చరవాణులు ప్రక్కన పెట్టుదురు. దినమునకు మూడు నాలుగు చిన్న ప్రసంగములు, ప్రతి ప్రసంగమునకు పిమ్మట ఒంటరిగా ధ్యానించుటకు వ్యవధి, నిత్యము దివ్యబలిపూజ, రాత్రి పడుకొనబోవుముందు ఆత్మపరిశోధన. భోజనము సైతము మౌనముగనే. కోరినవారు గురువుతో ఏకాంతమున మాటలాడవచ్చును, పాపసంకీర్తనము చేయవచ్చును. అన్ని వడకములు ఇట్టివే యని తలపరాదు. కేరళమున మురింగూరునందలి ధ్యానకేంద్రము వంటి చోట్ల వేలమంది గుమిగూడి గానముతోడను స్తుతులతోడను ప్రార్థింతురు; అది వేఱొక పద్ధతి. నా పొరుగింటి ఆమె కోరినది మౌనపు వడకము.

ఈ మౌనసాధనకు క్రమము కల్పించినవాడు మునిగాడు, సిపాయి. స్పెయిను దేశస్థుడైన లొయోలా ఇగ్నేషియసు 1521వ సంవత్సరము మే మాసమున పాంప్లోనా కోటను రక్షించుచుండగా ఫిరంగిగుండు తగిలి కాలు విఱిగినది. లొయోలాలోని తమ ఇంటికి మోసికొనిపోయిరి. మంచముపై పొద్దుపోక వీరుల సాహసకథలు చదువ నడిగెను. ఆ ఇంట నట్టివి దొరకలేదు. క్రీస్తుచరిత్రమును, పునీతుల చరిత్రలును దొరకినవి. వాని నడుమ ఆయన యొక చిత్రము గమనించెను. యుద్ధముల గూర్చియు, తాను వలచిన యొక గొప్పింటి స్త్రీ గూర్చియు తలపోయునంతసేపు హాయిగా నుండెడిది. తలపు తీఱగనే మనసు ఎండిపోయెడిది. పునీతులవలె జీవింపవలెనని తలచినప్పుడును హాయిగా నుండెడిది. తలపు తీఱిన వెనుక సైతము ఆ హాయి నిలిచియుండెడిది. రెండు తలపులును తియ్యనివే. తిన్న తరువాత నాలుకపై నిలుచు రుచి మాత్రము వేఱు. ఈ తరువాతి రుచిని కనిపెట్టుటయే ఆయన నేర్పిన విద్యకు మూలము.

కాలు నయమైన పిమ్మట 1522లో మోంత్సెర్రాతు మఠమున కత్తి వదలి, మాన్రెసా యను ఊర పది నెలలకు పైగా తపస్సు చేసెను. అచ్చట వ్రాయ మొదలిడిన "ఆధ్యాత్మిక సాధనలు" అను చిన్న పుస్తకమును 1548లో మూడవ పౌలు పోపు ఆమోదించెను. పూర్ణముగ సలిపిన ఆ సాధనలు సుమారు ముప్పది దినములు పట్టును. 1922లో పదునొకండవ భక్తినాథ పోపు ఇగ్నేషియసును ఇట్టి సాధనలన్నిటికి పాలకునిగా ప్రకటించెను.

నా మాటకు సమాధానము ఆ పుస్తకపు మొదటి పుటలలోనే దొరకినది. ఆదిలో ఇరువది సూచనలు కలవు. పందొమ్మిదవ సూచనలో, పనిపాటల చిక్కులలో నున్నవారు ఇంటనే యుండి దినమునకు గంటన్నర కేటాయించి సాధన చేయవచ్చునని యున్నది. కావున ఉన్నచోటనే దండము పెట్టుకొనుమన్న నా మాట పూర్తిగా తప్పు గాదు. కాని ఇరువదవ సూచన దాని వెంటనే యున్నది. బంధుమిత్రులనుండియు వ్యవహారములనుండియు తొలగి, ఉన్న ఇల్లు విడిచి మఱియొక ఇంటికో గదికో మారినవారికి సాధారణముగా ఫల మధికమని అది చెప్పుచున్నది. మనసు పలువిషయములపై చీలిపోక ఒక్కదానియందే నిలుచుటయు, అట్లు తొలగుటలోనే దైవసాన్నిధ్యమునకు చేరువగుటయు అందుకు కారణములట. గీతాశాస్త్రము సైతము ఏకాంతస్థలమున వసించుటను జ్ఞానలక్షణములలో నొకటిగా నెన్నినది. రెండు మతముల మార్గములు నొకటే యనుట నా యుద్దేశము గాదు. మనుష్యుని మనసు మాత్రము రెండుచోట్లను ఒకటియే.

ఇంటనే గంటన్నర యని చదువగనే నాకు నవ్వు వచ్చినది. మన ఇండ్లలో ఏ ఇల్లాలికి ఎవరును పిలువని గంటన్నర కలదు? పాలు పొంగును, పిల్ల ఏడ్చును, మామగారు మందుసీసా అడుగుదురు. దేవుడు వంటింటిలో నుండుట నిజమే. ఆయన మాట వినుటకు చెవి మాత్రము అచ్చట మన అధీనమున నుండదు.

ఈ సంగతిని స్త్రీలపక్షమున గ్రహించిన యొక మహనీయురాలి కథ వినుడు. ఫ్రాన్సు దేశమున ఆర్దేషు సీమలో లా లువెస్కు అను కొండయూరు కలదు. 1640లో అచ్చట మరణించిన జాన్ ఫ్రాన్సిసు రేజి యను పునీతుని సమాధి కొఱకు యాత్రికులు వత్తురు. స్త్రీలకు తగిన బస లేక సత్రములలో నానా అవస్థ పడుచుండిరి. అది చూచి తేర్ము అను గురువు 1826లో వారి కొఱకొక ఇల్లు ఏర్పఱచెను. దానిని చూచుకొనుటకు వచ్చినవారిలో తెరేసా కుదేర్కు అను రైతుబిడ్డ యొకతె. 1805లో జన్మించిన ఆమె ఇరువదిమూడవ యేటనే ఆ ఇంటికి పెద్ద యయ్యెను. వచ్చిపోవువారి సందడిలో ప్రార్థనకు చోటు లేకపోవుట గమనించి, బసకొఱకు మాత్రమే వచ్చువారిని గాక, ప్రార్థనకై వచ్చువారినే చేర్చుకొన నిశ్చయించెను. ఆదాయము తగ్గునని వెనుదీయలేదు. ఇట్లు యాత్రికుల సత్రము స్త్రీల ధ్యానమందిరమైనది. ఇగ్నేషియసు సాధనలు అచ్చట సామాన్యస్త్రీలకు అందినవి. ఆ మఠకన్యల సభకు, క్రీస్తు పరలోకమునకు పోయిన పిమ్మట మరియమ్మయు శిష్యులును కూడి ప్రార్థించిన మేడగది పేరు కలిసినది.

కథ అంతటితో తీఱలేదు. 1834లో తేర్ముగారు గతించిరి. సభ ఆర్థికపు చిక్కులలో పడినది. 1838లో తెరేసాను పెద్దతనమునుండి తొలగించి, క్రొత్తగ వచ్చిన యొక ధనవంతురాలైన విధవకు ఆ స్థానమును ఇచ్చిరి. స్థాపకురాలను గౌరవము సైతము ఆమెకే చెందినది. తెరేసాకు మిగిలినవి శరీరకష్టపు పనులు. ఆమె వాదింపలేదు, ఇల్లు విడిచి పోలేదు. ఇతరులకు మౌనము నమర్చిన ఆమె తాను సంవత్సరముల తరబడి మౌనమున జీవించెను. అన్యాయమును స్త్రీ లెల్లప్పుడును ఇట్లే సహింపవలెనని నేను ఈ కథ చెప్పుట లేదు. ఆమె ఇతరులకు బోధించిన సాధన ఆమెయందు ఉత్తమాట గాదని చూపుటకు చెప్పుచున్నాను. 1885లో ఆమె గతించెను. 1970లో ఆఱవ పౌలు పోపు ఆమెను పునీతురాలిగా ప్రకటించెను.

దంపతుల కొఱకును ఇట్టి వారాంతము లున్నవి. 1962లో బార్సెలోనా నగరమున గాబ్రియేల్ కాల్వో అను గురువు వానిని ఆరంభించెను. భార్యాభర్త లిరువురును వేఱువేఱుగా కూర్చుండి మనసులోని మాటలు వ్రాసికొందురు. పిమ్మట ఒకరి వ్రాత నొకరు చదివి తమలో తాము మాటలాడుకొందురు. పదిమందిలో చెప్పుకొన నక్కఱ లేదు. ఒక్క కప్పు క్రింద ఇరువదియేండ్లు కాపురము చేసియు, పాలలెక్కయు బడిజీతమును దప్ప మఱేమియు మాటలాడుకొనని దంపతులు మన వీధులలో నెందఱు లేరు?

ఇక కొన్ని హెచ్చరికలు. రెండు దినములలో జీవితము మారిపోవునని యెవరైన చెప్పిన నమ్మకుడు. ఉత్సాహము పొంగినవేళ తొందరపడి మ్రొక్కులు మ్రొక్కనీయరాదని సాధన చేయించు గురువునకు ఇగ్నేషియసు తన పుస్తకమునందే ఎచ్చరిక చేసెను. మనసు క్రుంగినవేళ మునుపటి మంచి నిశ్చయములను మార్చుకొనరాదనియు చెప్పెను. పొంగినప్పుడు కట్టుబడకుము, క్రుంగినప్పుడు విడిచిపెట్టకుము అని సారాంశము. ఇది ఏ మతపు ఇల్లాలికైన కొంగున ముడివేసికొనదగిన మాట. ఆయనయే మాన్రెసాలో చేసిన పాపములనే తలచి తలచి ప్రాణము తీసికొనవలె ననునంత వేదన పడెను. కావున మనోవ్యాధితో క్రుంగువారిని వైద్యునియొద్దకు తోడుకొని పోవలెను. ఇంట దెబ్బలు తినుచున్న స్త్రీకి ముందుగ రక్షణ కావలెను. వీనికి మాఱుగా వడకమును చూపుట ధర్మము గాదు.

ఇప్పుడు నా ప్రాయశ్చిత్తము వినుడు. మరల వడకము జరుగుచున్నదని తెలియగనే నేనే వారింటికి పోయి ఆమె అత్తగారితో, "అమ్మా, ఆ రెండు దినములును మీ ఇంటివారికి మా ఇంటినుండి భోజనము వచ్చును. పిల్లలు మా పిల్లలతో పడుకొందురు. కోడలిని పంపుడు" అంటిని. ఆ పెద్దామె కొంతసేపు నా ముఖము చూచి, "నా వయసులో నన్నెవరును ఇట్లు పంపలేదమ్మా" అని, "సరే పోయి రమ్మను" అన్నది. ఆమె అడ్డు చెప్పుటలో నిష్ఠురముకంటె లోటు హెచ్చుగ నున్నదని నాకప్పుడు తెలిసినది.

ఆదివారము సాయంకాలము నా స్నేహితురాలు తిరిగివచ్చినది. ఏమి జరిగినదని యడిగితిని. దర్శనము లేవియు కలుగలేదట. మొదటి రాత్రి అంతయు ఇంటిధ్యాసయే నట. గ్యాసుపొయ్యి కట్టితినా లేదా యని రెండుమాఱులు లేచి కూర్చున్నదట. శనివారము మధ్యాహ్నము చెట్టుక్రింద ఒంటరిగా నున్నప్పుడు ఏడుపు వచ్చినదట. "అమ్మ పోయిననాడు వచ్చినవారికి కాఫీలు అందించుటలో నేను ఏడువలేదు వదినగారూ. ఏడాదికి ఏడ్చితిని. నాకు దేవునియందు విశ్వాసము పోలేదు, ఆయనమీద కోపము వచ్చినది. అది కోపమని తెలియక విశ్వాసము పోయినదని భయపడితిని. ఆ మాటనే గురువుతో చెప్పితిని, దేవునితోను చెప్పితిని." ఇంతకంటె ఆమె చెప్పలేదు, నేనును అడుగలేదు. ఒక్క నిశ్చయము మాత్రము చేసికొని వచ్చినది: రాత్రి పనులు తీఱిన పిమ్మట పది నిమిషములు తలుపు మూసికొని కూర్చుండుట. ఆ పది నిమిషములు పిల్లలను అత్తగారు చూచుచున్నారు.

సోదరీమణులారా, మీ మతమేదైనను సరే. మీ ఇంటనో పొరుగింటనో ఒక స్త్రీ, తనకు కొంచెము ఏకాంతము కావలెనని యడిగినప్పుడు, దేవుడు ఎచ్చట నుండునో ఆమెకు బోధింపకుడు. అది ఆమెకు తెలియును. ఆమె పొయ్యిమీది కుండను మీరు దింపిపెట్టుడు.