బొటనవ్రేలి వెల

జబ్బుపడి లేచినవాడు సంపూర్ణముగా స్వస్థుడైన పిమ్మటనే పనిలో చేరవలెననియు, అంతవరకు కదలక మెదలక విశ్రమించుటయే యతనికి క్షేమమనియు మన యిండ్లలో పెద్దలును, కచేరీలలో నధికారులును, ఒక్కొక్కప్పుడు వైద్యులును దృఢముగా విశ్వసించుచున్నారు. దయవలన పుట్టినదే యైనను ఈ విశ్వాసము తప్పని నా నిశ్చితాభిప్రాయము. పక్షవాతము వచ్చినవానికిని, యంత్రములో చేయి నలిగినవానికిని సంపూర్ణ స్వస్థత పెక్కుమార్లు రానే రాదు. అది వచ్చుదాక వేచియుండుమన్నచో కండలు క్షీణించి, కీళ్లు బిగిసి, 'నేనిక చేయలేను' అను భయము గుండెలో గూడుకట్టుకొని, రోగము మిగిల్చిన శక్తిని విశ్రాంతియే హరించుచున్నది.

మా బంధువులలో నొక గుమాస్తా పక్షవాతమునుండి తేరుకొని, నెలల తరబడి యెడమచేతితో వ్రాయుట యభ్యసించి కచేరికి పోగా, 'పూర్తిగా నయమైన తరువాత రండి' అని మిక్కిలి మర్యాదతో త్రిప్పి పంపిరి. ఆయన మరల పోలేదు.

మన ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకు తెలిసినవి రెండే మాటలు: ఫిట్, అన్‌ఫిట్. ఏ పనికి ఫిట్? ఎన్ని గంటలకు? కూర్చుండియా, నిలుచుండియా? ఈ ప్రశ్నలడుగు శాస్త్రమే ఆక్యుపేషనల్ థెరపీ. దీనిని ఫిజియోథెరపీతో కలిపివేయువారు పెక్కురు కలరు గాని, అవయవమునకు బలము గూర్చుటతో దీని పని ముగియదు. ఈ థెరపిస్టు కార్మికుడు పనిచేయు చోటికే పోయి, ఆ పనిని కదలికలుగా విడదీసి, ఏ కదలికయొద్ద చేయి తడబడుచున్నదో కనిపెట్టి, బల్ల యెత్తు మార్చియో, పనిముట్టు పిడికి గుడ్డచుట్టి లావు చేసియో, మణికట్టునకు స్ప్లింటు కట్టియో, మొదట దినమునకు రెండు గంటలు, పిదప నాలుగు గంటలుగా పెంచియో మనిషికిని పనికిని మరల పొత్తు కుదుర్చును.

1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టపు షెడ్యూలు బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో 30 శాతము పోయినట్లు లెక్కగట్టినది. పరిహారమునకు ఏదో యొక కొలత యుండవలసినదే. అయినను నూలుమిల్లులో తెగిన పోగును ముడివేయువానికి ఆ వ్రేలు సర్వస్వము. గేటు కాచువానికి దాని లోటు స్వల్పము. పట్టిక యవయవమును తూచినది గాని పనిని చూడలేదు. సొమ్ము చేతబెట్టి యింటికి పంపుటతో తన బాధ్యత తీరినదని యజమాని భావించుట కదియే యాధారమగుచున్నది.

అమెరికాలో జన్మించి మన కోడలైన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ విద్యకు మన దేశమున తొలి పాఠశాలను నెలకొల్పినది. చట్టములును మనకు లేకపోలేదు. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టము, జబ్బు భృతి పొందుచున్న కాలమున కార్మికుని తొలగింపరాదన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, ఉద్యోగమందుండగా వైకల్యము కలిగినవానిని తొలగింపక, సమాన వేతనముతో వేరొక పదవి నీయవలెనని ప్రభుత్వ సంస్థల నాజ్ఞాపించినది. ఆ రక్ష ప్రైవేటు కార్ఖానా కార్మికునకు లేదు. రక్ష యున్నచోట సైతము, స్టీరింగు పట్టిన డ్రైవరును ఫైళ్లు మోయు బల్లయొద్ద కూర్చుండబెట్టి ఊరకుండుటకంటె, అతని పాతపనిలో నెంతభాగ మింకను చేయగలడో ముందుగా పరీక్షింపవలదా?

తక్కువ గంటల పని యను పేరున, మానని గాయముతోనే కార్మికుని యజమాని పనికీడ్చునని సంఘములవా రాక్షేపింతురు. ఈ భయము సహేతుకము, నేను దీనిని తేలికగా త్రోసివేయను. అందుచేతనే గంటల నిర్ణయము యజమాని చేతిలో గాక థెరపిస్టును కార్మికుడును కలిసి చేయవలెననియు, గంటలు తగ్గినంతమాత్రమున జీతము తగ్గరాదనియు నా వాదము. బ్రిటనులో 2010 నుండి వైద్యుని పత్రమునందు పని గంటలు, విధులు, పనిచోటు ఎట్లు మార్చవలెనో వ్రాయుటకు వీలున్నది. 2022 జూలై నుండి ఆక్యుపేషనల్ థెరపిస్టులును దానిపై సంతకము చేయుచున్నారు. మన సర్టిఫికెట్టులోను 'ఫిట్' అను మాట ప్రక్కన రెండు పంక్తుల చోటు విడువుడు: ఏ పనికి, ఎన్ని గంటలకు.