ట్రాక్టరు మీద కప్పేది ఎవరి పని?

ట్రాక్టరు మాట వచ్చేసరికి అది మగవాళ్ల వ్యవహారం అనుకుని మనం వంటింట్లోకి జారుకుంటాం. నాకు ఆ పద్ధతి నచ్చదు. బండి కొనేటప్పుడు బ్యాంకులో తాకట్టుకి వెళ్లింది మన గొలుసే. వాయిదా కట్టాల్సిన నెలలో నూనె, పప్పు తగ్గించి ఇల్లు నడిపేదీ మనమే. అలాంటప్పుడు ఆ బండి వానలో నానుతుంటే చూస్తూ ఊరుకోవడం ఏం న్యాయం? దాని మీద ఏం కప్పాలో, ఎలా కప్పాలో మనకీ తెలియాలి, మనమూ చెప్పాలి.

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ట్రాక్టరుకి షెడ్డు ఉన్న ఇళ్లు తక్కువ. వీధులు సన్నం. పశువుల సాల పశువులకే చాలదు. అందుకని బండి కళ్లంలోనో, ఏ చెట్టు కిందో ఆరుబయటే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేవాళ్లకి కాస్త ఊరటే. కానీ లక్షలు పోసి బండి తెచ్చాక, ఇనప గొట్టాలూ రేకులూ కొని షెడ్డు వేయడానికి చేతిలో డబ్బు మిగలదు. "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. ఆ వచ్చే ఏడాది ఎప్పుడొస్తుందో మనకి తెలుసు కదా!

ఇందులో ఇంకో చిక్కుంది. జూలై, ఆగస్టుల్లో దమ్ములు పట్టేశాక, నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పులు వచ్చేదాకా బండికి పెద్ద పని ఉండదు. మనకి తుపాన్లు వచ్చేది సరిగ్గా ఆ మధ్యలోనే. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న. అంటే ఎక్కువ వాన పడే రోజుల్లోనే బండి ఊరికే నిలబడి ఉంటుంది. తీరం పక్క ఊళ్లలో దానికి ఉప్పుగాలి కూడా తోడు. ఇనుముకి ఉప్పు తగిలితే తుప్పు తొందరగా పడుతుందని సముద్రం పక్క ఇళ్లలో కిటికీ చువ్వలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలమైతే సీటు పగులుతుంది, టైర్లు బీటలు వారతాయి, వైర్ల మీది తొడుగు బిరుసెక్కి ఊడిపోతుంది.

మరి ఏం కప్పాలి? వెనకటి రోజుల్లో గోనె పట్టాలే. మా ప్రాంతంలో గోగు పండిస్తారు, నెల్లిమర్లలాంటి చోట జూట్ మిల్లులూ ఉన్నాయి, కాబట్టి గోనెకి కొదవ లేదు. గోనెలో గాలి ఆడుతుంది, కానీ అది నీళ్లు తాగుతుంది. తడిసిన గోనె రోజుల తరబడి ఇనుముని అంటుకుని ఉంటే కప్పకపోవడమే నయం. కొత్త బరకం మంచిదే, కానీ కొంటే అది ధాన్యం ఆరబెట్టడానికి పోతుంది. బండి దాకా రాదు.

ఇక ఫ్లెక్సీ ఉంది. పుట్టినరోజుకీ, పెళ్లికీ, ఎన్నికలకీ, పెద్దకర్మకీ వేయించి, పని అయ్యాక ఎవరికీ అక్కర్లేకుండా పోయే ఫ్లెక్సీ. పాలిస్టరు దారాల అల్లిక మీద పీవీసీ పూత పూసి దాన్ని తయారుచేస్తారు. అందుకే చుక్క నీరు దిగదు, తొందరగా చిరగదు. పెద్ద హోర్డింగుకి వేసిందైతే రెండు ముక్కలు చాలు, బండి మూతి నుంచి వెనక చక్రాల దాకా వచ్చేస్తుంది.

కానీ ఫ్లెక్సీ నీళ్లు తాగదన్న మాట ఎంత నిజమో, గాలి ఆడనివ్వదన్నదీ అంతే నిజం. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లోపలివైపు పట్టిన నీటి చుక్కలు గుర్తు తెచ్చుకోండి. తడి నేల మీద నిలిపిన బండిని నేల దాకా బిగించి కప్పితే లోపల జరిగేది అదే. పైన వాన పడకపోయినా కింద తుప్పు పడుతుంది. అందుకే అంచులు నేలకి మూరెడు ఎత్తున ఆగాలి. మధ్యలో ఒక వెదురు బొంగు పెట్టి, ఇంటి కప్పులా రెండు వైపులా వాలు ఇవ్వాలి. అప్పుడు నీరు మడుగు కట్టదు, గాలీ ఆడుతుంది.

రెండు ముక్కలు కలపాలంటే దబ్బనంతో కుట్టవచ్చు గాని, కుట్టిన ప్రతి కన్నం నుంచీ నీరు దిగుతుంది. పెంకు మీద పెంకు పేర్చినట్టు పై ముక్కని కింది ముక్క మీదకి జానెడు రానిచ్చి, కుట్టు ఆ మరుగున పడేలా వేయాలి. తాడు కట్టడానికి కన్నాలు లేవా? మూలలో గోలీకాయంత గులకరాయి పెట్టి, ఫ్లెక్సీని దాని చుట్టూ ముడిచి, మెడ దగ్గర తాడు బిగిస్తే ఎంత గాలికీ ఊడదు. నైలాన్ తాడు కన్నా పాత సైకిలు ట్యూబు చీలికలు మేలు. గాలికి సాగి మళ్లీ బిగుస్తాయి. వదులుగా వదిలేసిన కప్పు మాత్రం తెరచాపే. బండి రంగంతా గీరేసి చివరికి పక్కవాళ్ల డాబా మీద తేలుతుంది.

బండి పొలం నుంచి రాగానే కప్పకూడదు. సైలెన్సరు చల్లారాలి, లేకపోతే ఫ్లెక్సీ కరిగి అంటుకుంటుంది. సైలెన్సరు గొట్టం మీద ఒక పాత డబ్బా బోర్లిస్తే నీరు లోపలికి పోదు. స్టార్టు చేసేముందు డబ్బా తీయాలని బండి తోలే మనిషికి చెప్పి ఉంచండి. వారానికోసారి ఎండ కాసినప్పుడు కప్పు విప్పి ఆరనివ్వండి. ఎలుకలు గూడు పెట్టి వైర్లు కొరికేస్తే అప్పుడే తెలుస్తుంది. విప్పేటప్పుడు ముందు కర్రతో తట్టండి, పాములుంటాయి.

ఇక బొమ్మల సంగతి. మా మావయ్యగారి పెద్దకర్మకి వేయించిన ఫ్లెక్సీ వీధి మొగలో నెలల తరబడి వేలాడి, ఒక మూల ఊడి కొట్టుకుంటుంటే, దించి బండికి కప్పుదామన్నాను. మా ఆడపడుచుకి కోపం వచ్చింది. "నాన్న బొమ్మ తీసికెళ్లి ట్రాక్టరు మీదేస్తావేటే?" అంది. ఆమె బాధ నాకు అర్థమైంది. కానీ ఆయన ముఖం గాలికి చిరిగి, కాలవలో పడి, ఎవరో తొక్కుకుంటూ పోతే గౌరవమా? "బొమ్మ ఉన్నంత మేర కత్తిరించి మీ దగ్గర దాచుకోండి వదినా, మిగతాది బండికిద్దాం" అన్నాను. ఒప్పుకుంది. నాయకుల ఫ్లెక్సీలకి అంత ఆలోచన అక్కర్లేదు. బొమ్మ లోపలికి, తెల్లటి వెనకవైపు బయటికి వేస్తే సరి. ఎండ వేడీ కాస్త తగ్గుతుంది, ఏ పార్టీవాళ్లతోనూ తగువూ ఉండదు.

"ఫ్లెక్సీలు మంచివి కావని ప్రభుత్వాలే అంటుంటే నువ్వు వాడమంటావేం?" అని అడగవచ్చు. 100 మైక్రాన్ల కన్నా పల్చని పీవీసీ బ్యానర్లని కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. ఆ ఏడాదే ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారు రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు ఉండవని ప్రకటించారు. అయినా మన కూడళ్లలో అవి కనిపిస్తూనే ఉన్నాయి. కొత్తవి వేయించకూడదన్నది నా మాట కూడా. గుడ్డ మీద రాయించండి, లేదా మానేయండి. కానీ ఇప్పటికే వేసేసినవి చెత్తకుప్పలోకో, అంతకన్నా ఘోరంగా నీళ్ల పొయ్యిలోకో పోతున్నాయి. పీవీసీ కాలిస్తే వచ్చేది విషపు పొగ. ఆ పొయ్యి ముందు కూర్చునేది మనం, మన పిల్లలు. పొయ్యిలో పెట్టే బదులు బండి మీద వేస్తే ఆ పొగ తప్పుతుంది, బండికి నీడా దొరుకుతుంది.

ఇది శాశ్వతం కాదు. ఎండకి బిరుసెక్కి, పూత పొరలుగా రాలడం మొదలైతే దాని పని అయిపోయినట్టే. అప్పుడు దాన్ని కాల్చకుండా పంచాయతీ చెత్తబండికి ఇచ్చి ఇంకోటి వెతుక్కోవాలి. చేతిలో డబ్బు ఆడినప్పుడు షెడ్డే వేసుకోవాలి. అంతదాకా దమ్ములు అవగానే బండి మీద కప్పు పడిందా లేదా అని అడగడం మన పని. అడిగితే ఎవరైనా "నీకెందుకు?" అంటారేమో. బ్యాంకులో ఉన్న గొలుసు ఎవరిదో గుర్తు చేయండి చాలు.