పరుగెత్తితే ఓడిపోయే పందెం

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగటం మేలని మన పెద్దలు చెప్పారు. ఈ వారం చెప్పబోయే మనిషి మాత్రం పరుగెత్తకూడదు, నిలబడనూ కూడదు. నడవాలి. అదీ ఇరవై కిలోమీటర్లు, అంటే దగ్గర దగ్గర పన్నెండున్నర మైళ్ళు నడవాలి. అలవాటున్నవాడు మామూలుగా నడిస్తే నాలుగు గంటలు పట్టే దూరం అది. మన కథానాయకుడు దాన్ని గంటా పద్దెనిమిది నిమిషాల నలభై తొమ్మిది సెకన్లలో నడిచాడు. సైకిలు మీద తాపీగా పోయేవాణ్ణి దాటిపోయే వేగమన్నమాట!

ఆయన పేరు దానియేల్ బౌతిస్తా. దేశం మెక్సికో. ఒకే పందెంలో ఒక ఒలింపిక్స్‌లో బంగారు పతకం మెడలో వేసుకుని, మరుసటి ఒలింపిక్స్‌లో అందరికంటే ముందు నడుస్తూ నడుస్తూ పందెంలోనించి వెలివేయబడిన మనిషి. ఎందుకు వెలివేశారంటారా? అది తెలియాలంటే ముందు ఈ ఆట సంగతి కొంచెం తెలియాలి.

నడక పందేనికి ముఖ్యమైన నిబంధనలు రెండే రెండు. మొదటిది, రెండు పాదాలూ ఒకేసారి నేలను విడవకూడదు. ముందు పాదం మడమ నేలకు తగిలిన తరువాతనే వెనక పాదం వేళ్ళు లేవాలి. రెండవది, ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకుండా చక్కగా చాచి వుండాలి. బౌతిస్తా కాలంలో శరీరం ఆ కాలి మీదికి నిటారుగా వచ్చే క్షణంలో అట్లా వుంటే చాలు. ఇప్పుడు నేలకు తగిలినది మొదలు ఆ క్షణందాకా వుండి తీరాలి. మోకాలు వంచకుండా, గెంతకుండా వేగం తెచ్చుకోవాలంటే తుంటిని తిప్పటం తప్ప మార్గం లేదు. అందుకే ఈ నడకగాళ్ళు నడుము ఊపుకుంటూ, మోచేతులు ఆడించుకుంటూ పోతుంటే చూసేవారికి మొదట నవ్వు వస్తుంది. ఆ నవ్వు రెండు ఫర్లాంగులు వాళ్ళతో పాటు నడిచి చూస్తే పోతుంది!

ఇక తప్పొప్పులు చెప్పేవారు దారి పొడుగునా నిలబడి వుంటారు. వాళ్ళే న్యాయనిర్ణేతలు. అనుమానం తోస్తే పసుపు పలక చూపి హెచ్చరిస్తారు. తప్పేనని తోస్తే ఎవరికి వారు ఎర్ర కార్డు రాసి పంపుతారు. చాలాకాలం పాటు ముగ్గురు వేరువేరు న్యాయనిర్ణేతలు ఒకే మనిషి మీద ఎర్ర కార్డు రాస్తే ప్రధాన న్యాయనిర్ణేత ఎదురు వచ్చి ఎర్ర పలక చూపేవాడు. ఆ మనిషి పందెం అక్కడితో ముగిసేది. కెమెరాలో చూశామని చెప్పి తీర్పు ఇవ్వటం లేదు. మనిషి కంటికి కనిపించిన తప్పే తప్పు. ఈ ముక్క జ్ఞాపకం పెట్టుకోండి; మళ్ళీ దీని దగ్గరికే రావాలి.

మెక్సికో వారికి ఈ నడక పిచ్చి ఎట్లా పట్టింది? 1968లో తమ రాజధానిలోనే ఒలింపిక్స్ జరగబోతున్నవి గనుక, రెండేళ్ళు ముందుగా 1966లో పోలెండు నించి ఒక శిక్షకుణ్ణి పిలిపించుకున్నారు. ఆయన పేరు యెజీ హౌస్‌లెబెర్. తానూ ఒకప్పుడు నడక పందేలలో పాల్గొన్నవాడే. వచ్చిన మనిషి మళ్ళీ పోలెండుకు కాపురం మార్చలేదు; 2014లో చనిపోయేదాకా మెక్సికోవాడుగానే వుండిపోయాడు. మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున వున్నది. అక్కడ గాలి పలచన. ఆ గాలిలో సాధన చేసినవాడికి కింద నడవటం తేలిక. ఆ ఎత్తు కూడా చాలదని ఆయన తన శిష్యులను ఇంకా ఎత్తయిన బొలీవియా కొండలకు కూడా తీసుకుపోయేవాడు.

1968 అక్టోబరు 14న ఫలితం కనిపించింది. ఇరవై కిలోమీటర్ల నడకలో సోవియట్ దేశంవారు గొలుబ్నిచీ, స్మాగా ముందుగా స్టేడియంలో ప్రవేశించారు. వారి వెనక మూడవవాడుగా హోసే పెద్రాసా అనే మెక్సికో సైనికుడు వచ్చాడు. అంతే! స్టేడియమంతా లేచి నిలబడి దేశం పేరు పెట్టి కేకలు వేసింది. పెద్రాసా స్మాగాను దాటాడు. గొలుబ్నిచీకి అడుగుల దూరంలోకి వచ్చాడు. కాని దారి అయిపోయింది. గొలుబ్నిచీ ముందు, పెద్రాసా వెనక. మధ్య తేడా సెకనున్నర చిల్లర. ఆ ఆఖరు చుట్టులో పెద్రాసా నడిచాడా, పరిగెత్తాడా అని ఆనాడే కొందరికి సందేహం కలిగింది. ఏమైనా అథ్లెటిక్స్‌లో మెక్సికోకు అదే మొదటి ఒలింపిక్ పతకం. అప్పటికి బౌతిస్తాకు పదహారేళ్ళు.

బౌతిస్తా 1952 ఆగస్టు 4న శాన్ లూయీస్ పొతోసీ రాష్ట్రంలో ఎల్ సలాదో అనే వూళ్ళో పుట్టాడు. హౌస్‌లెబెర్ చేతిలో పడి నడక నేర్చాడు. 1975లో మెక్సికో నగరంలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో ఇరవై కిలోమీటర్ల నడక గెలిచాడు. సొంత వూరి గాలిలో గెలవటం ఏం గొప్ప అనుకున్నవారు వుంటే, వారికి మరుసటి ఏడే జవాబు దొరికింది.

1976 జూలై 23. మాంట్రియల్ ఒలింపిక్స్. ఆ సంవత్సరం యాభై కిలోమీటర్ల నడకను కార్యక్రమంలోనించి తీసివేశారు. నడకగాళ్ళకు మిగిలిన పందెం ఈ ఒక్కటే. బరిలో వున్నవారు సామాన్యులు కారు. తూర్పు జర్మనీ నించి పీటర్ ఫ్రెంకెల్. 1972లో మ్యూనిక్‌లో స్వర్ణం గెలిచినవాడు. అదే దేశపు రైమాన్. మ్యూనిక్‌లో కాంస్యం గెలిచినవాడు. నలభై ఏళ్ళు నిండినా కాళ్ళ సత్తువ తగ్గని గొలుబ్నిచీ సరేసరి. ఇంతమంది మధ్య ఇరవై నాలుగేళ్ళయినా నిండని బౌతిస్తా గంటా ఇరవై నాలుగు నిమిషాల నలభై సెకన్లలో గమ్యం చేరాడు. ఫ్రెంకెల్ మ్యూనిక్‌లో నడిచిన కాలానికి ఇది రెండు నిమిషాలు తక్కువ. రైమాన్ ముప్పై మూడు సెకన్ల తరువాత వచ్చాడు. ఫ్రెంకెల్ అతని వెనక.

మెక్సికో చరిత్రలో అథ్లెటిక్స్‌లో వచ్చిన మొదటి ఒలింపిక్ స్వర్ణం అది. మాంట్రియల్‌లో ఆ దేశానికి దక్కిన స్వర్ణం కూడా అదొక్కటే. పెద్రాసా సెకనున్నరలో పోగొట్టుకున్నదాన్ని ఎనిమిదేళ్ళ తరువాత బౌతిస్తా తెచ్చి ఇచ్చాడు.

ఆ తరువాత ఆయనకు ఎదురు లేకపోయింది. 1977లో ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో నడకగాళ్ళ ప్రపంచ కప్పు పోటీ జరిగితే ఇరవై కిలోమీటర్లు ఆయనే గెలిచాడు. 1979లో శాన్ హువాన్‌లో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో మళ్ళీ ఆయనే. అదే సంవత్సరం పశ్చిమ జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో ప్రపంచ కప్పు మళ్ళీ ఆయనదే. మొదట చెప్పిన గంటా పద్దెనిమిది నిమిషాల నలభై తొమ్మిది సెకన్ల నడక అక్కడిదే. అంటే కిలోమీటరుకు నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. మాంట్రియల్‌లో నడిచినదానికంటే ఇది దాదాపు ఆరు నిమిషాలు తక్కువ. మూడేళ్ళలో ఆరు నిమిషాలు!

ఇక్కడే చిక్కు వున్నది. వేగం పెరిగే కొద్దీ పాదం నేల మీద వుండే కాలం తగ్గుతుంది. నడకకూ పరుగుకూ మధ్య వున్న గీత సన్నబడుతుంది. బౌతిస్తా తన వేగాన్ని పెంచుకుంటూ పోయినకొద్దీ ఆ గీతకు తానే దగ్గరవుతూ వచ్చాడు.

1980 జూలై 24. మాస్కో. బౌతిస్తా రెండవ స్వర్ణం కోసం వచ్చాడు. పందెం ముగింపుకు వచ్చింది. ఇక రెండు కిలోమీటర్లు కూడా లేదు. ముందు బౌతిస్తా వున్నాడు. అప్పుడు ఎర్ర సంకేతం కనిపించింది. ఆయన రెండు పాదాలూ నేలను విడిచినవని న్యాయనిర్ణేతలు తేల్చారు. చేతి కందిన కూడు నోటి కందలేదు. ఆయన పక్కకు తప్పుకోగానే సోవియట్ దేశపు సొలోమిన్ ముందుకు వచ్చాడు. ప్రేక్షకులు తమవాడు గెలిచాడనుకునేలోపలే అతన్ని కూడా వెలివేశారు! వాళ్ళ వెనక తన నడక తాను నడుచుకుంటూ వస్తున్న ఇటలీ యువకుడు మౌరీత్సియో దమిలానో స్వర్ణం అందుకున్నాడు.

బౌతిస్తా మరి ఒలింపిక్స్‌లో పతకం గెలవలేదు.

న్యాయం జరిగిందా, అన్యాయం జరిగిందా? ఆతిథ్య దేశపు మనిషిని కూడా అదే తప్పుకు అదే పందెంలో బయటికి పంపారు గనుక పక్షపాతం అనటానికి వీలు లేదు. కాని ఒక ప్రశ్న మిగులుతుంది. ఫొటోలు తీసి చూస్తే పేరు మోసిన నడకగాళ్ళలో చాలామంది పాదాలు అడుగడుగునా ఏ సెకనులో ముప్పయ్యోవంతో గాలిలో వుంటాయి. అది కంటికి ఆనదు. దమిలానో పాదాలూ గాలిలోకి లేచి వుండవచ్చు. కంటికి ఆనినవాడు దొంగ, ఆననివాడు దొర అవుతాడా అని అడిగేవారున్నారు. యంత్రంతోనే తీర్పు చెప్పిస్తే పోలేదా అంటారు. అట్లా చేస్తే గమ్యం చేరేవాడు ఒక్కడూ మిగలకపోవచ్చు. అందుచేత కంటినే ప్రమాణంగా పెట్టుకున్నారు. ఈ ఒప్పందం తెలిసే నడకగాడు బరిలోకి దిగుతాడు. గెలిచిన రోజున కంటిని నమ్మి, ఓడిన రోజున కెమెరాను అడగటం కుదరదు.

గురువు హౌస్‌లెబెర్ మాత్రం కాళ్ళు ముడుచుకుని కూర్చోలేదు. నాలుగేళ్ళ తరువాత 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఇరవై కిలోమీటర్లలో ఎర్నెస్తో కాంతో స్వర్ణం, రావుల్ గొన్‌సాలెస్ రజతం గెలిచారు. మాస్కో విజేత దమిలానో వాళ్ళ వెనక మూడవవాడు. ఈ గొన్‌సాలెస్ మాంట్రియల్‌లో బౌతిస్తాతో పాటు నడిచి అయిదవ స్థానంలో వచ్చినవాడే. లాస్ ఏంజెలెస్‌లో యాభై కిలోమీటర్ల స్వర్ణం కూడా ఆయనదే. 1968 నించి 2024 పారిస్ దాకా అథ్లెటిక్స్‌లో మెక్సికోకు వచ్చిన ఒలింపిక్ పతకాలు పదకొండు. అందులో పది నడకవే! స్వర్ణాలు మూడూ నడకవే.

కాని ఆ గీత వాళ్ళను వదలలేదు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో బెర్నార్దో సెగూరా అందరికంటే ముందు గీత దాటాడు. మెక్సికో అధ్యక్షుడు సెదియో టెలిఫోనులో ఆయనను అభినందిస్తున్నాడు. ఆ మాటల మధ్యనే అధికారి వచ్చి ఎర్ర పలక చూపాడు. టెలిఫోను చేతిలో వుండగానే స్వర్ణం పోయింది. అది పోలెండుకు చెందిన రాబర్ట్ కొజెనియోవ్‌స్కీకి దక్కింది. చిత్రమేమిటంటే ఈ కొజెనియోవ్‌స్కీ కూడా 1992లో బార్సిలోనాలో, యాభై కిలోమీటర్ల నడకలో రెండవవాడుగా స్టేడియం దాకా వచ్చి, అక్కడ ఎర్ర పలక చూసినవాడే. ఆయన ఇంటికి పోయి నడక దిద్దుకున్నాడు. సిడ్నీలో ఇరవై, యాభై రెండూ గెలిచి, ఒకే ఒలింపిక్స్‌లో ఆ రెండూ గెలిచిన మొదటివాడయ్యాడు.

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవని సామెత. తిరిగే కాలును వురకనివ్వకుండా పట్టి వుంచటమే ఈ పందెంలోని కష్టమంతా. అలిసిపోయిన మనిషికి, పక్కవాడు దాటిపోతుంటే, శరీరం పరుగెత్తమనే చెబుతుంది. వద్దని చెప్పుకుంటూ చివరిదాకా రావాలి. ఈసారి టెలివిజనులో ఒలింపిక్స్ నడక వచ్చినప్పుడు పిల్లలు ఆ నడుము వూపు చూసి నవ్వితే నవ్వనివ్వండి. తరువాత వాళ్ళ చేత ముందు పాదం మడమనూ, వెనక పాదం వేళ్ళనూ చూడమనండి. ఎవరి పాదం లేచిందో మీ ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పి, న్యాయనిర్ణేతల తీర్పుతో సరిపోల్చుకోండి. బౌతిస్తా మీద మాస్కోలో ఆ తీర్పు చెప్పటం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.