చిన్న జట్టు

జట్టునకు ఎంపిక కాకపోవుట అవమానమని విద్యార్థులు పెక్కుమంది తలతురు. అది సరియైన తలంపు కాదు.

1978వ సంవత్సరమున అమెరికాలోని విల్మింగ్టన్ పట్టణమందు, లేనీ ఉన్నత పాఠశాలలో మైకేల్ జోర్డన్ అను పదునైదేండ్ల బాలుడు చదువుచుండెను. అతని ఎత్తు 5 అడుగుల 10 అంగుళములు. బాస్కెట్‌బాల్ ప్రధాన జట్టున అతనికి చోటు దొరకలేదు. అతని యీడువారిలో మిక్కిలి పొడగరియగు మిత్రునకు ఆ చోటు లభించెను. జోర్డన్ ఇల్లు చేరి కన్నీరు కార్చెను. కాని ఆట మానలేదు. చిన్నవారి జట్టున చేరెను.

పెద్ద జట్టున చేరియుండినచో, బహుశః అతడు బల్లపై కూర్చుండి ఇతరుల ఆటను చూచుచుండెడివాడు. చిన్న జట్టున తనివితీర ఆడెను. కొన్ని పోటీలలో 40 పాయింట్లు సైతము సంపాదించెను. మరుసటి యేటికి కొన్ని అంగుళములు పెరిగి ప్రధాన జట్టున చేరెను. 1982లో విశ్వవిద్యాలయముల జాతీయ పోటీ తుది యాటలో ఉత్తర కరొలినాకు విజయము చేకూర్చిన బంతి అతడు వేసినదే. పిమ్మట లోకప్రసిద్ధుడయ్యెను.

ఎత్తు ప్రకృతి యిచ్చినది. నేర్పు సాధన యిచ్చినది. ఆ సాధనకు తావిచ్చినది చిన్న జట్టు. కావున ప్రతి పాఠశాలయందును గెలిచెడి జట్టుతోపాటు నేర్చుకొనెడి జట్టు కూడ ఉండవలెను. బాలలారా! అందు చేరుటకు మీరు సిగ్గుపడరాదు.