ముసలి ట్రాక్టరు - థర్మోస్టాట్ మడవ

మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో చిన్న రైతు కొత్త ట్రాక్టరు కొనాలంటే పొలం తాకట్టు పెట్టాల్సిందే. అందుకే ఎప్పటివో పాత బండ్లు ఇంకా దుక్కి దున్నుతున్నాయి. ఎండలు ముదిరితే చాలు, "బండి హీటెక్కతా ఉండాది" అనే మాటే వినబడుతుంది. దానికి మనవాళ్ళ వైద్యం థర్మోస్టాట్ పీకేయడం! ఇది తప్పని నా అభిప్రాయం.

డీజిలు వేడిలో సుమారు మూడోవంతే పనిగా మారుతుంది. మరో మూడోవంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం రేడియేటరు నీళ్ళే మోయాలి. థర్మోస్టాట్ ఆ నీళ్ళకు మడవ లాంటిది. 80 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకుంటుంది. అది లేకపోతే ఇంజను సరిగా కాగదు. కాలని డీజిలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేసి అరుగుదల పెంచుతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్ళు రేడియేటరుకు పోకుండా బైపాసులోనే తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది.

"ఎండకు ఏం చేస్తాం?" అంటారు. బయట 44 డిగ్రీలున్నా, లోపలి నీళ్ళు 90లో ఉంటే 46 డిగ్రీల తేడా ఉంది. శుభ్రమైన రేడియేటరుకు అది చాలు. చాలాసార్లు అసలు దోషి మనం పోసే బోరు నీళ్ళే. వేన్నీళ్ళ కాగులో తెల్లగా పట్టే పెచ్చే ఇంజను లోపలా పట్టి వేడిని బయటికి రానీయదు. దానికి తోడు రేడియేటరు రెక్కల్లో దుమ్ము, నూర్పిడి పొట్టు, వదులైన ఫ్యాన్ బెల్టు, బిగువు తప్పిన మూత. 7 పౌన్ల ఒత్తిడి నిలిపే మూత ఉంటే నీళ్ళు 110 డిగ్రీల దాకా మరగవు. అందుకే వేడి మీద మూత తీస్తే మొహాన చిమ్ముతాయి. కాగిన ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు. హెడ్డు పగిలితే రైతుకు ఆ అదును పోయినట్టే.

షెడ్డు మేస్త్రీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన చేతి అనుభవం మన ల్యాబులో దొరకదు. రైతు తొందరపెడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? కూలెంటు ఖర్చేనంటారు, నిజమే. కానీ పట్టుకున్న వాననీళ్ళలో కూలెంటు కలిపి పోస్తే అయ్యే ఖర్చు, హెడ్డు మార్చే ఖర్చు ముందు ఎంత?

మిత్రులారా! ఉష్ణప్రసారం మీద వ్యాసాలు రాసి మార్కులు తెచ్చుకుంటున్నాం. మన సంఘం వేసవి సెలవుల్లో ఊరికొక రోజు కేటాయించి, మేస్త్రీలను పక్కన పెట్టుకుని, రేడియేటర్లు కడిగే పని చేపట్టాలి. మొదట ఎవరి ఇంటి బండిని వాళ్ళు చూసుకుందాం.