తెర మీదా వరుస నాటే కావాలి

సెల్‌ఫోన్ యాప్‌లో ఏ గడి ఎక్కడుండాలి, ఏ అంకె కింద ఏ అంకె రావాలి అన్నది కంప్యూటర్ చదివినవాళ్ళ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. ఇవాళ మన పంట లెక్క ఆ తెర మీదే తేలుతోంది. ఈ-పంట నమోదుకీ తెరే. 2020లో వచ్చిన పీఎం కిసాన్ యాప్‌లో మూడు విడతల రెండేసి వేలు పడ్డాయో లేదో చూసుకోవాలన్నా తెరే. ధాన్యం అమ్మేటప్పుడూ, పంట పోయి పరిహారం అడిగేటప్పుడూ అక్కడ ఎక్కిన అంకే సాక్ష్యం. కాబట్టి ఆ తెర తీరుగా ఉండాలని అడిగే హక్కు మనకుంది.

వరి నాట్లలో ప్రతి 2 మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట తియ్యమని వ్యవసాయ శాఖ వారు చెబుతూనే ఉంటారు. అది చూపుకి అందం కోసం కాదు. గాలీ వెలుతురూ ఆడితే దోమ ఉధృతి తగ్గుతుంది, మందు కొట్టడానికి మనిషి నడవగలుగుతాడు. తెర మీదా అంతే, కన్ను నడవడానికి బాట కావాలి.

సెంట్ల దగ్గరే తిరకాసు

పోలవరం, గూటాల, పట్టిసీమ వైపు ఒకే రైతుకి లంకలో కొంత, మెట్టలో కొంత భూమి ఉండటం మామూలే. కౌలు రైతైతే ఇద్దరు ముగ్గురు ఆసాముల ముక్కలు చేస్తుంటాడు. ఒక్కో ముక్కకీ సర్వే నెంబరు, విస్తీర్ణం, పంట పేరు వేరు. రెండెకరాల యాభై సెంట్లని తెర మీద 2.5 అని చూపిస్తే మనవాళ్ళు రెండెకరాల అయిదు సెంట్లని చదువుకుంటారు. నలభై అయిదు సెంట్లు గల్లంతయిందని కంగారు పడతారు. నిజంగా తప్పు పడ్డచోట మాత్రం గమనించరు.

దీనికి మందు తేలికే. 2.50, 2.05, 12.75 అని చుక్క తర్వాత ఎప్పుడూ రెండంకెలు వెయ్యాలి. చుక్క కింద చుక్క వచ్చేలా కుడి అంచుకి ఆనించాలి. మాటలు ఎడమ అంచుకి, అంకెలు కుడి అంచుకి. రూ.2,000 కింద రూ.20,000 అలా వేస్తే ఒక సున్నా తేడా ఇట్టే కంటబడుతుంది.

ఒత్తు తెగితే అర్థం పోయె

ఇంకో సంగతి. ఇంగ్లీషు అక్షరాలకి కొలిచి గీసిన గడిలో తెలుగు ఇమడదు. మనకి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. గడి ఎత్తు చాలకపోతే ఒత్తు తెగిపోతుంది, పత్తి వేసిన రైతు తెర మీద ‘పతి’ అని చదువుకోవాలి! పెద్దవాళ్ళు ఫోన్లో అక్షరం పెద్దది చేసుకుంటారు. పేరు ఎడమన, గడి కుడిన పెడితే అప్పుడు వరస చెదిరి ఒకదాని పేరు ఇంకోదాని పక్కకి చేరుతుంది. పేరు పైన, దాని గడి సరిగ్గా కిందే ఉంటే ఈ బాధ లేదు.

నొక్కే బటన్ కనీసం 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ ఫోన్ల సంస్థ గూగులే చెబుతోంది. ‘సరే’, ‘రద్దు’ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే, నాగలి పట్టి కాయకాసిన వేలు దేన్ని నొక్కుతుందో ఎవరు చెప్పగలరు?

ఎక్కించేది రైతు సేవా కేంద్రం సిబ్బంది గదా, మనం వేలిముద్ర వేసేవాళ్ళమేగా అని కొందరంటారు. నిజమే. కానీ సిబ్బందీ ఎండలో, గట్టు మీద నిలబడి, రోజుకి ఎన్నో ముక్కలు ఎక్కించాలి. తెర గజిబిజిగా ఉంటే వారికీ పొరపాటు తప్పదు. వేలిముద్ర మాత్రం మనది.

అధికారులకి మనవి ఒకటే. యాప్ మార్చినప్పుడల్లా ఏసీ గదిలో చూసి సరిపెట్టుకోవద్దు. సీజన్‌కి ముందే మా ఊళ్ళకి తెచ్చి, చిన్న ఫోన్లో, ఎండలో, నలుగురు సన్నకారు రైతుల చేత చదివించండి. ఎక్కడ తడబడితే అక్కడ సరిచెయ్యండి.

అంతవరకూ మన జాగ్రత్త మనది. వేలిముద్ర వేసేముందు పాస్‌పుస్తకం పక్కన పెట్టుకోండి. సర్వే నెంబరు, ఎకరాలు, సెంట్లు, పంట పేరు వరసగా పైకి చదివించుకోండి. రశీదు అడిగి తీసుకోండి. జాబితా అంటించినప్పుడు వెళ్ళి మరోసారి చూసుకోండి, తేడా ఉంటే గడువులోగానే చెప్పండి.